ఉప్పుగాలి ఇంటికి చేతిపని సొగసు

డుమస్‌లో కొత్త ఫ్లాటును అలంకరించుకునేవారు మొట్టమొదట లెక్కలోకి తీసుకోవలసింది ఉప్పుగాలిని. సూరత్ నగరానికి నైరుతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు ఇది. దీనికి చెరో పక్క తాపీ, మిండోళా నదులు సముద్రంలో కలుస్తాయి. నల్ల ఇసుక తీరం, దరియా గణేశ్ గుడి, వేడివేడి టమాటా బజ్జీలు. ఆదివారం సాయంత్రం షికారుకు వచ్చేవారికి డుమస్ అంటే ఇంతే. ఇక్కడ కాపురం పెట్టినవారికి కనిపించేది వేరు. ఇనుప మేకు మొదటి వానాకాలానికే తుప్పు కారుతుంది. జనపనార చాపకు బూజు పడుతుంది. చవకరకం అద్దానికి అంచుల్లో నల్లమచ్చలు తేలతాయి. హైదరాబాదులో పదేళ్ళు నిలిచే వస్తువు ఇక్కడ రెండేళ్ళకే మూలపడవచ్చు. అందుకే పత్రికల్లో బొమ్మలు చూసి చేసే అలంకరణ ఇక్కడ కొంతవరకే పనికొస్తుంది.

నగరం నుంచి పిప్లోద్, వేసు, మగ్దల్లా మీదుగా సాగే డుమస్ రోడ్డు పొడవునా గత రెండు దశాబ్దాలలో అపార్ట్‌మెంట్లు లేచాయి. సూరత్‌కు తెలుగువారు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలీ కుటుంబాలు, మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. బట్ట గుణం చేతివేళ్ళతో తెలుసుకునే ఈ కుటుంబాలకు ఇంటి అలంకరణకు కావలసిన ముడిసరుకు చాలావరకు పనిచేసే చోటే దొరుకుతుంది. దుకాణంలో ‘ఎకో’ అన్న చీటీ అంటించి అమ్మే సామానుతో వారికి పనిలేదు.

కొత్త ఇంట్లో డబ్బు ఎక్కువ వృథా అయ్యేది గృహప్రవేశం అయిన మొదటి నెలలో. గోడలు బోసిగా ఉన్నాయని, చుట్టాలు వస్తారని చేతికందినదల్లా కొంటారు. ఎండ ఏ కిటికీలోంచి పడుతుందో, గాలి ఏ వైపునుంచి కొడుతుందో, వాన జల్లు ఏ బాల్కనీలోకి వస్తుందో తెలియకముందే కొన్న తెరలు, తివాచీలు తరవాత అటకెక్కుతాయి. పాలు పొంగించుకోవడానికి పొయ్యి, పడుకోవడానికి పక్కలు, నాలుగు గిన్నెలు చాలు. మిగతావి ఒక వానాకాలం చూసి ఏర్పరచుకుంటే నష్టం లేదు. చేత్తో చేసినంత మాత్రాన వస్తువు పర్యావరణానికి మేలు చేస్తుందనుకోవడమూ పొరపాటే. థర్మోకోల్ ముక్కలు, మెరుపు పొడి, స్ప్రే రంగు, ప్లాస్టిక్ పూలు కలిపి ఇంట్లో కూర్చుని అతికించినా అది ఏడాది తిరగకముందే చెత్తబండి ఎక్కే సరుకే. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్న సూరత్‌కు కూడా అలాంటి కలగాపులగపు చెత్తను విడదీయడం కష్టమే.

గోడల సంగతి. సాధారణంగా బిల్డరు పుట్టీ, ప్రైమర్ వేసి ఇల్లు అప్పగిస్తాడు. కొత్త సిమెంటు పూత నాలుగు వారాలైనా ఆరకుండా రంగు వేస్తే లోపలి తేమ బయటికి వచ్చే దారిలో రంగును పొరలుగా లేపేస్తుంది. రంగు ఎంచుకునేటప్పుడు వాసన ఒక గుర్తు. కొత్త రంగు వాసనగా ముక్కుకు తగిలేది చాలావరకు గాలిలో కలిసే రసాయన ఆవిరే. నీటితో కలిపే రంగుల్లో అది తక్కువ. ఇంటి రంగుల్లో సీసం పాళ్ళు పది లక్షల వంతుల్లో 90 వంతులు మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. అయినా డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసుకోవడం మంచిది. ఖాదీ గ్రామోద్యోగ సంఘం 2021 జనవరిలో ఆవుపేడతో చేసిన ‘ప్రాకృతిక్ పెయింట్’ను విడుదల చేసింది. అప్పట్లో డిస్టెంపరు లీటరు 120 రూపాయలు, ఎమల్షన్ 225 రూపాయలు. చవకైనది, వాసన లేనిది. సున్నం మరీ చవక, గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, బూజును దరిచేరనివ్వదు. అయితే ఎమల్షన్ రంగు వేసిన గోడ మీద సున్నం పట్టదు, రాలిపోతుంది. ఆ ముచ్చట తీరాలంటే మొదటి రంగుకు ముందే తీరాలి.

గోడమీద బొమ్మలకు దక్షిణ గుజరాత్‌లో కొదవలేదు. వలసాడు, డాంగ్ వైపు నుంచి మహారాష్ట్రలోని డహాణు దాకా విస్తరించిన వార్లీ గిరిజనుల పెళ్ళిళ్ళకు ముత్తయిదువులు గోడమీద పెళ్ళి ముగ్గు వేస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్ళు, కొస నమిలి కుంచె చేసుకున్న వెదురుపుల్ల. సరంజామా అంతే. గుండ్రం, త్రికోణం, చదరం. ఈ మూడు ఆకారాలతోనే మనిషి, కొండ, పశువు, పంట అన్నీ నిలబడతాయి. ఆ కళను గోడ నుంచి కాగితం మీదికి, ప్రపంచం ముందుకి తెచ్చిన జివ్యా సోమా మాషేకు 2011లో పద్మశ్రీ వచ్చింది. జాజు పూసిన అరుగు మీద ముగ్గు వేసే తెలుగు ఇల్లాలికి ఈ పద్ధతి పరాయిది కాదు. ఫ్లాటు గోడమీద నేరుగా వేయడం కంటే, పాత ప్లైవుడ్ పలకకు జాజు, కాస్త జిగురు కలిపి పూసి, దానిమీద సొంత ముగ్గు వేసి తగిలించడం తేలిక. విసుగు పుడితే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. అచ్చంగా వార్లీ బొమ్మే కావాలంటే వార్లీ చిత్రకారుల దగ్గర కొనడం న్యాయం. కచ్ వైపు మట్టిలో అద్దాలు పొదిగే లిప్పన్ పని కూడా ఈమధ్య ఫ్లాటుల్లోకి వచ్చింది. అసలు లిప్పన్‌లో మట్టి, పశువుల పేడ ఉంటాయి. నగరాల్లో దాని పేరుతో నేర్పేది జిగురు కలిపిన కృత్రిమ మట్టితో. చూపుకు బాగుంటుంది కానీ దాన్ని మట్టిపని అనడం కుదరదు.

సూరత్ అసలు సిరి బట్ట. కృత్రిమ దారాల బట్టలో దేశంలోనే పేరుపడిన ఈ నగరంలో రింగ్ రోడ్డు మార్కెట్లు, వాటి వెనక కుట్టుపని గదులు, మగ్గాల షెడ్లు రోజూ గుట్టలకొద్దీ పేలికలు పారేస్తాయి. ఇక్కడివారు వాటిని చిందీ అంటారు, కిలోల లెక్కన అమ్ముతారు. రాపియర్ మగ్గాల మీద నేసేటప్పుడు బట్టకు పక్కన అంచు దారాలు తెగి పొడవాటి కుచ్చుల తాడుగా పడతాయి. దాన్ని చీల్చే పనిలేదు, కుట్టే పనిలేదు, జడ అల్లడమే. మూడు పాయలు జడలా అల్లుతూ పోయి, ఆ జడను చుట్ట చుట్టి, చుట్టుకూ చుట్టుకూ మధ్య లావుపాటి దారంతో కుట్టు వేస్తే గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా తయారవుతుంది. పేలికలతో చేసేటప్పుడు రెండు అంగుళాల వెడల్పు పట్టీలుగా చింపుకోవాలి. జడ బిగువుగా ఉండాలి కానీ కుట్టు మరీ లాగకూడదు. లాగితే పట్టా పళ్ళెంలా అంచులు లేపుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా చదును కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ చిందీ దాదాపు అంతా పాలిస్టర్. పత్తి, జనపనార, ఊలు పర్యావరణానికి మంచివని, పాలిస్టర్ చెడ్డదని చెప్పడం ఆనవాయితీ. కొత్తగా కొనే బట్ట విషయంలో ఆ మాట నిజమే. కానీ ఇప్పటికే నేసి, కత్తిరించి, పారేసిన పాలిస్టర్ మట్టిలో కలవదు. ఇంట్లో పదేళ్ళు పట్టాగా ఉంటే అన్నాళ్ళు కుప్పకు చేరకుండా ఆగుతుంది. పైగా డుమస్ గాలికి అదే సరైన బట్ట. తేమకు కుళ్ళదు, త్వరగా ఆరుతుంది. జనపనార పట్టా ఒక్క వానాకాలంలో ముక్కవాసన కొట్టే చోట చిందీ పట్టా చెక్కుచెదరదు. వాడకంలో రెండు జాగ్రత్తలు కావాలి. ఉతికినప్పుడల్లా దాని నుంచి కంటికి కనిపించనంత సన్నని నూగు నీళ్ళలో కలుస్తుంది కనుక దులిపి ఎండలో వేయడం మేలు, ఉతకడం అరుదుగా చాలు. రెండోది ముఖ్యం. పాలిస్టర్ మంటకు కరిగి చర్మానికి అంటుకుపోతుంది. దీపం గూటి దగ్గర, గ్యాసుపొయ్యి దగ్గర, బల్బు చుట్టూ గూడుగా దీన్ని వాడకూడదు. పడక మీదికి, పసిపిల్లల కిందికి పత్తి బట్టే.

పత్తి బట్ట అనగానే బొంత. పాత నేతచీరలు, పంచెలు మూడు నాలుగు పొరలుగా పరిచి, పైనుంచి కిందికి వరస కుట్టు వేసుకుంటూ పోయే బొంత తెలుగు ఇళ్ళలో అమ్మమ్మల నాటిది. గుజరాతీలకు అదే గోదడీ. పొరుగింటి గోదడీ, మనింటి బొంత పక్కపక్కన పెడితే కుట్టులో పెద్ద తేడా కనిపించదు. ఫ్లాటులో బొంతకు పక్కబట్టగానే కాక సోఫా మీద పరుపుగా, దివాను మీద దుప్పటిగా, ఉత్తరపు గోడకు వేలాడే తెరగా కూడా చోటుంది. గోడకు వేలాడదీసిన మందపాటి బొంత ఖాళీ గదిలో మాట మారుమోగడాన్ని తగ్గిస్తుంది. కొత్త ఫ్లాటుల్లో అది చాలా అవసరం, ఎందుకో దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

చీర లెక్క ఇంకా సులువు. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు కత్తిరిస్తే రెండు ముక్కలు, ఒక్కొక్కటి రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల పైచిలుకు. ఎనిమిది అడుగుల బాల్కనీ తలుపుకు మడత, కుట్టు పోను సరిపోయే కొలత అది. పమిట చెంగు ఉన్న ముక్కను గదిలోకి అడుగుపెట్టగానే కనిపించే వైపు వేసుకోవాలి. సన్నని చీరైతే వెనక పాత పంచె అస్తరుగా వేస్తే ఎండకు రంగు త్వరగా వెలిసిపోదు. జరీ చీరలను మాత్రం ఇలా కత్తిరించకపోవడమే మంచిది. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. నిజమైన వెండి జరీ ఉప్పుగాలికి నల్లబడుతుంది, కిటికీలో కంటే పెట్టెలోనే భద్రం.

మరమగ్గాల షెడ్లలో బట్టే కాదు, పాత పనిముట్లూ తుక్కుకు పోతాయి. సూరత్‌లో నాడె (షటిల్) మగ్గాల స్థానంలో వాటర్‌జెట్, రాపియర్ మగ్గాలు వస్తున్నకొద్దీ చెక్క నాడెలు పాతసామాను అంగళ్ళకు చేరుతున్నాయి. రెండు కొసలా ఉక్కు మొన, నున్నగా అరిగిన గట్టి చెక్క, మధ్యలో కండె పెట్టే ఖాళీ. ఆ ఖాళీలో సన్నని గాజుసీసా ఇమిడిస్తే ఒక కొమ్మకు సరిపడే పూలకుప్పె. వరసగా నాలుగు నాడెలు పలకకు బిగిస్తే తాళంచెవులు, సంచులు తగిలించే కొయ్య. మగ్గం మీద బతికిన కుటుంబంలో ఆ వస్తువుకు ఉండే విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉక్కు మొనలకు ఏడాదికోసారి కాస్త కొబ్బరినూనె రాయాలి. బట్ట చుట్టి వచ్చే అట్ట గొట్టాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. కోసి పేర్చి అతికిస్తే పిల్లల పుస్తకాల బల్లమీద కలాలు, కత్తెరలు పెట్టుకునే గూళ్ళవుతాయి. వాటిని అతికించడానికి మైదా ఉడికించిన జిగురు చాలు. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం కనుక పిల్లల చేతికి అందనీయకూడదు.

డుమస్‌లో పడమటి కిటికీ ఉన్న ఫ్లాటుకు ధర ఎక్కువ, ఎండా ఎక్కువే. సముద్రం కనిపిస్తుందని కొన్న కిటికీని మధ్యాహ్నం మూడు గంటల నుంచి మూసుకోవలసి వస్తుంది. లోపల ఎంత దళసరి తెర వేసినా అప్పటికే వేడి గాజు దాటి గదిలోకి వచ్చేస్తుంది. ఎండను గాజుకు బయటే ఆపాలి. బాల్కనీకి వెదురు తడికె, దాన్ని చుట్టి పైకి లాగడానికి కొబ్బరిపీచు తాడు సరైన జంట. ఉప్పునీటికి కొబ్బరిపీచు తట్టుకున్నట్టు మరే నారా తట్టుకోదు. పై అంతస్తుల్లో గాలి జోరు ఎక్కువ కాబట్టి తడికె కింది కొసను కూడా కట్టాలి, లేకపోతే గాలివానకు అది పక్కింటి బాల్కనీలో దొరుకుతుంది.

వెదురు పనికి దూరం పోనక్కరలేదు. తాపీ, డాంగ్, సూరత్ జిల్లాల్లో కోట్‌వాళియా అనే గిరిజన తెగ తరతరాలుగా బుట్టలు, చాటలు, చాపలు అల్లుతోంది. ప్రభుత్వం బాగా వెనకబడిన ఆదిమ సమూహాల్లో ఒకటిగా గుర్తించిన తెగ అది. వారి బుట్టను కొని తలకిందులు చేసి దీపపు గూడుగా వేలాడదీస్తే, ఎల్.ఇ.డి. బల్బు పెట్టినంతకాలం వేడి సమస్య లేదు. వెదురులో ఉండే పిండిపదార్థం కోసం పురుగు చేరుతుంది. వాడబోయే ముందు కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టడం పల్లెల పద్ధతి. బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టడం ఇప్పటి పద్ధతి. ఏదీ చేయని వెదురు కింద తెల్లని పొడి రాలడం మొదలైతే ఇక ఎక్కువకాలం నిలవదు. మేకులు, మరలు, కొక్కేల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా ఇత్తడి. ఇనుప మేకు గోడమీద దించే తుప్పు గీతను ఏ రంగూ పూర్తిగా కప్పదు.

కలపసామాను కొత్తగా కొనడం కన్నా పాత ఓడల సామాను వెతికి తెచ్చుకోవడంలో లాభముంది. తాపీ నది ముఖద్వారానికి అవతల ఉన్న హజీరా నుంచి ఖంభాత్ సింధుశాఖ మీదుగా ఘోఘాకు వాహనాలను కూడా ఎక్కించుకునే ఓడ సర్వీసు 2020 నవంబరులో మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్ల దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది. ఘోఘా భావనగర్‌కు చేరువ. అక్కడినుంచి ఇంకాస్త దక్షిణంగా వెళితే ఓడలను విడగొట్టే అలంగ్ తీరం. ఓడల్లోంచి తీసిన బల్లలు, కుర్చీలు, అలమరలు, పింగాణీ, అద్దాలు, ఇత్తడి దీపాలు దారి పొడవునా దుకాణాల్లో అమ్ముతారు. సముద్రం మీద ఏళ్ళతరబడి తిరిగిన సామాను కనుక ఉప్పుగాలికి భయపడదు. గట్టి చెక్క, స్టీలు, పింగాణీ నిశ్చింతగా కొనవచ్చు. పాత ఓడల గోడల్లోంచి తీసిన పలకలు, వేడి ఆపే దిండ్లు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేకూడదు. వాటిలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండవచ్చు. పాత రంగును పొడిగా గీకడమూ మంచిది కాదు. అందులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి, బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకాలి. సూరత్ సొంత చేతిపని సాదేలీని కూడా ఇక్కడే చెప్పాలి. రంగురంగుల చెక్క, ఎముక ముక్కలను జ్యామితి నమూనాల్లో పొదిగే ఆ పెట్టెలు కనువిందే కానీ, పొదుపు పద్దులో చేరవు. ఇంట్లో పాతది ఉంటే భద్రపరచుకోవలసిందే.

మొక్కల్లో కూడా ఉప్పుగాలిదే మాట. బాల్కనీలో గన్నేరు, కాగితపు పూలు, కలబంద తట్టుకుంటాయి. గన్నేరు విషపు మొక్క కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. తులసికి గాలి నేరుగా తగలని మూల కావాలి, ఆకుల మీద ఉప్పు పేరితే మంచినీళ్ళు చల్లి కడగాలి. మనీప్లాంటు కొమ్మను అడిగి తెచ్చుకుని సీసాలో వేస్తే చాలు, కాణీ ఖర్చు లేదు. సీసాలో నీళ్ళు మాత్రం వారానికి ఒకసారైనా మార్చాలి. డెంగీ దోమకు గుడ్లు పెట్టడానికి ఆ కాసిన్ని నిలవనీళ్ళే చాలు.

గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకు తోరణం, వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు. వీటికి మించిన పర్యావరణ హితమైన అలంకరణను ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. అపార్ట్‌మెంటు వరండాలో గచ్చు జారుడుగా ఉంటుంది కాబట్టి ముగ్గు గుమ్మానికి ఒక పక్కగా వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కరు ఒకసారి అంటుకుంటే ఊడదు, ఊడితే జిగురు పోదు. గుజరాతీ ఇళ్ళ గుమ్మాలకు అద్దాల కుట్టుపని తోరణాలు ఉంటాయి. చిందీ ముక్కలతో, పాత రవికల అంచులతో అలాంటిది ఇంట్లోనే కుట్టవచ్చు. సెలవులకు సొంతూరు వెళ్ళినప్పుడు తెచ్చుకోదగ్గవి కూడా కొన్ని ఉన్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా ఒకటి నేలమీద పరిస్తే గది సగం అలంకరించినట్టే. ఏటికొప్పాక లక్కబొమ్మలు సహజమైన రంగులవి. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది కనుక పడమటి కిటికీ గట్టు మీద పెట్టకూడదు.

తీరం నుంచి ఇంటికి తెచ్చుకునే వస్తువుల గురించి ఒక మాట మిగిలింది. డుమస్ ఇసుకలో ఇనుప ఖనిజం పాలు ఎక్కువ కావడం వల్ల అది నల్లగా ఉంటుంది. దాన్ని గాజుసీసాల్లో పొరలుగా నింపి షోకేసులో పెట్టడం, గవ్వలు ఏరి అద్దం చుట్టూ అతికించడం అందరికీ తోచే ఆలోచనలే. తీరంలో ఇసుక తవ్వకాన్ని తీరప్రాంత నియంత్రణ నిబంధనలు నిషేధించాయి. ఒక్కరు పిడికెడు తీస్తే తవ్వకం కాదు నిజమే, ఆదివారం వచ్చే వేలమంది పిడికిళ్ళు కలిస్తే అయ్యేది తవ్వకమే. ఖాళీ గవ్వల్లో సన్యాసి పీతలు కాపురం ఉంటాయి. కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. కనుక డుమస్‌లో కొత్త ఇల్లు సర్దుకునేవారందరికీ మనవి: ఇసుకనూ గవ్వలనూ ఒడ్డునే వదిలి రండి.